ఖాతా అడగని ఈ-రీడర్: ఏది కొనాలి, తెలుగుకు ఎలా సిద్ధం చేయాలి

మీరు రాసిన పరిస్థితి ఇది. మీ నాన్నగారు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, పల్లెలో ఉంటారు. ఇంట్లో వైఫై లేదు, ఈమెయిల్ వాడే అలవాటు లేదు. శుక్లాల ఆపరేషన్ తర్వాత అచ్చు పుస్తకాల్లోని చిన్న అక్షరాలు చదవలేకపోతున్నారు. పెద్ద అక్షరాలతో చదువుకోవడానికి ఒక ఈ-రీడర్, అంటే ఈ-పుస్తకాలు చదివే పరికరం, కావాలి. ఖాతా తెరవడం, ఫోనుకు ఓటీపీ రావడం, ఇంటర్నెట్ కలపడం ఏవీ ఉండకూడదు. మీ మిత్రులేమో ‘ఈ రోజుల్లో అలాంటివి ఎక్కడ దొరుకుతాయి, ఖాతా తెరిస్తే పోయేదేముంది’ అంటున్నారు.

దొరుకుతాయి. మీ కోరిక అత్యాశ కాదు, చాదస్తం అంతకన్నా కాదు. గ్రంథాలయంలో ఉద్యోగం చేసిన రోజుల నుంచి విశ్రాంత ఉపాధ్యాయులకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇలాంటి పరికరాలు సిద్ధం చేసి ఇస్తున్నాను. వాటిలో చాలావాటిని ఒక్కసారి కూడా ఇంటర్నెట్‌కు కలపలేదు. అయినా వాళ్లు రోజూ చదువుకుంటున్నారు.

కొనాల్సినదాని పేరు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పాకెట్‌బుక్ కంపెనీ రీడర్లు చూడండి. 2007లో ఉక్రెయిన్‌లో పుట్టి, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లుగానో కేంద్రంగా నడుస్తున్న సంస్థ అది. పెట్టె తెరిచి మీట నొక్కితే భాష, తేదీ లాంటివి అడుగుతుంది. వైఫై దగ్గర దాటేసి ముందుకు వెళ్లవచ్చు. పుస్తకం చదవడానికి ఖాతా అవసరం లేదు. కేబులుతో కంప్యూటర్‌కు కలిపితే పెన్‌డ్రైవ్ మాదిరిగానే కనిపిస్తుంది. ఈపబ్ (ఈ-పుస్తకాలకు ఎక్కువగా వాడే ఫైలు రూపం), పీడీఎఫ్, మోబీ, టెక్స్ట్ ఫైళ్లను అందులోకి కాపీ చేస్తే చాలు. చాలా మోడళ్లలో పేజీ తిప్పడానికి వేలితో నొక్కే నిజమైన మీటలు ఉంటాయి. వేలు తెరకు తగిలితే పుస్తకం ఎక్కడికో వెళ్లిపోతుందని జంకే పెద్దవాళ్లకు ఆ మీటల విలువ బాగా తెలుస్తుంది. మన ఊళ్ల దుకాణాల్లో ఈ రీడర్లు కనిపించడం అరుదు. విదేశాల నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకుంటే వారంటీ ఇక్కడ పనికిరాదనే లెక్కతోనే కొనండి.

ఇక ఖాతా తెరిస్తే పోయేదేముంది అన్న ప్రశ్న. 2009 జూలైలో అమెరికాలో రెండు నవలల ప్రతులను అమెజాన్ పాఠకుల కిండిళ్లలోంచి (అమెజాన్ అమ్మే ఈ-రీడర్లు) దూరం నుంచే తొలగించింది. అమ్మిన ప్రచురణకర్తకు ఆ హక్కులు లేవని తేలడం అందుకు కారణం. డబ్బు వెనక్కి ఇచ్చారు, జెఫ్ బెజోస్ క్షమాపణ కూడా చెప్పారు. కానీ ఒక విద్యార్థి ఆ పుస్తకంలో రాసుకున్న నోట్సు, అది ఏ పంక్తికి సంబంధించిందో తెలియకుండా, ఎందుకూ కొరగాకుండా పోయింది. ఆ అబ్బాయి కోర్టుకు వెళ్లాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసేసినప్పుడు, డబ్బు పెట్టి కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. అక్కడా డబ్బు తిరిగి వచ్చింది, పుస్తకాలు రాలేదు. మన దేశంలో 2015 చివర్లో ఫ్లిప్‌కార్ట్ ఈ-పుస్తకాల అమ్మకం మానుకుని పాఠకులను కోబో అనే మరో కంపెనీ వైపు మళ్లించింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకొని కేబులుతో ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ తీసేసింది.

ఇవన్నీ పెద్ద సంస్థలే, మోసగాళ్లు కారు. ఏర్పాటే అలాంటిది. ఖాతాతో ముడిపడిన పుస్తకం ఇల్లు మీదైనా తాళంచెవి ఇంకొకరి జేబులో ఉన్నట్టుంటుంది. దుకాణం తెరిచి ఉన్నన్నాళ్లూ ఇబ్బంది తెలియదు.

అంతకన్నా ముఖ్యమైన మాట, మనకు మాత్రమే వర్తించేది ఒకటుంది. ఖాతా వెనుక ఉన్న అసలు ఆకర్షణ దుకాణం. ఆ దుకాణంలో తెలుగు వాటా ఎంత? 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇంగ్లీషు నవలలు వారానికొకటి కొనే పాఠకుడికి ఖాతా వల్ల కొంత సుఖం ఉంది, కాదనను. మీ నాన్నగారు చదవాలనుకునే పుస్తకాలు మాత్రం ఎటు చూసినా ఫైళ్ల రూపంలోనే వస్తాయి. ఆయన విషయంలో ఖాతా ఇచ్చేది దాదాపు ఏమీ లేదు, తీసుకునేది మాత్రం ఉంది. ఏ పేజీలో ఆగారు, ఏ వాక్యం కింద గీత గీశారు అన్నవి సర్వర్లకు చేరతాయి. ఎక్కువమంది గీత గీసిన వాక్యాలను కిండిల్ చూపిస్తుంది కదా, ఆ గీతల లెక్క అక్కడికి చేరకుండా అది సాధ్యం కాదు.

పైగా ఇలాంటి ఇళ్లలో ఖాతా పెద్దవాళ్ల పేరు మీద ఉండదు, కొడుకు ఫోను నంబరు మీద ఉంటుంది. ఎప్పుడో పరికరం మళ్లీ లాగిన్ అడుగుతుంది. తండ్రి పల్లెలో, ఓటీపీ వేరే ఊళ్లో, కొన్నిసార్లు వేరే దేశంలో. రాత్రి తొమ్మిదింటికి నవల మధ్యలో ఆగిపోయి, కొడుక్కి తెల్లారేదాకా ఎదురుచూసిన పెద్దాయన నాకు బాగా తెలుసు. ఆయనకు ఆ తర్వాత ఖాతా లేని రీడరే ఇచ్చాను.

పాకెట్‌బుక్ దొరక్కపోతే తర్వాతి స్థానం కోబోది. టొరంటోలో మొదలై, 2012 నుంచి జపాన్‌కు చెందిన రాకుటెన్ చేతిలో ఉన్న కంపెనీ. యంత్రాలు చాలా మంచివి. మొదటిసారి తెరిచినప్పుడు ఖాతా అడుగుతుంది, కానీ తప్పించుకునే దారి ఉంది. వైఫై లేదని చెప్పే మార్గం ఎంచుకుని కంప్యూటర్‌కు కలపండి. దాచి ఉంచిన కోబో ఫోల్డరులో సెట్టింగుల ఫైలు ఒకటి ఉంటుంది. అప్లికేషన్ ప్రిఫరెన్సెస్ అనే శీర్షిక కింద సైడ్‌లోడెడ్ మోడ్‌ను ట్రూ చేసే వరుస చేర్చి, భద్రంగా వేరుచేసి, పరికరాన్ని తిరిగి ప్రారంభిస్తే దుకాణం తెరలు పక్కకు తప్పుకుంటాయి, మీ పుస్తకాలే మిగులుతాయి. చేయి తిరిగినవాళ్లకు పది నిమిషాల పని. కంప్యూటర్ అంటే బెదిరేవాళ్లయితే ఎవరి చేతైనా చేయించుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే కిండిల్ ఉంటే పారేయనక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో ఉంచి కేబులుతో పుస్తకాలు ఎక్కించుకోవచ్చు. 2025 మార్పు దుకాణంలో కొన్న పుస్తకాలకే, మీ సొంత ఫైళ్లను అది ఆపదు. అయితే ఈపబ్‌ను నేరుగా తెరవదు, ముందు ఏజెడ్‌డబ్ల్యూ3 అనే కిండిల్ ఫైలు రూపంలోకి మార్చాలి. 2024 మోడళ్లు మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపించవు కాబట్టి మ్యాక్ కంప్యూటర్‌తో కలపడానికి అదనపు సాఫ్ట్‌వేర్ కావాలి. సెకండ్ హ్యాండ్ కిండిల్ కొంటే పాత యజమాని ఖాతా నుంచి తీసేశారో లేదో ఆయన ఎదురుగానే చూసుకోండి.

ఆండ్రాయిడ్ మీద నడిచే బూక్స్ లాంటి పరికరాలు ఖాతా లేకుండా పనిచేస్తాయి, తెరలు కూడా పెద్దవి. కానీ సెట్టింగులు ఒక అడవి. మీకు నచ్చవచ్చు, మీ నాన్నగారికి ఇవ్వవద్దు. జేబులో పట్టే చాలా చవక రీడర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి, మెమరీ కార్డులో ఫైలు వేస్తే చాలు. ఇంగ్లీషుకు ముచ్చటైనవి. తెలుగుకైతే కింద చెప్పే పరీక్ష చేయకుండా డబ్బు చెల్లించవద్దు.

ఆ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొన్నాక ఎక్కువమంది బాధపడేది ఇక్కడే. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేరిస్తే పుస్తకం అయిపోతుంది. తెలుగులో ఒత్తు కిందికి దిగాలి, గుడి పైకి ఎక్కాలి, మూడు హల్లులు కలిసి ఒకే కుదురులో కూర్చోవాలి. ఈ కూర్పు చేసే సాఫ్ట్‌వేర్ పరికరంలో లేకపోతే ఫాంటు ఎంత మంచిదైనా లాభం లేదు. అందుకే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తయారు చేసుకోండి. అందులో స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, సంస్కృతి, ఉచ్ఛ్వాసం అని రాసి పెట్టుకోండి. అదే ఫైలును, కింద చెప్పే క్యాలిబర్ ప్రోగ్రాముతో, ఈపబ్‌గా కూడా మార్చుకోండి. కొనబోయే పరికరంలో రెండూ తెరవండి. ‘రాష్ట్రం’లో టకారం, రకారం షకారానికి అతుక్కుని కనిపిస్తే సరే. ‘రాష్‌ట్‌రం’ అన్నట్టు పొల్లులతో విడివిడిగా వరుస కడితే ఆ పరికరంలోని చదివే ప్రోగ్రాము తెలుగుకు పనికిరాదు. అక్షరాల బదులు ఖాళీ గళ్లు కనిపిస్తే మాత్రం నిరాశ పడకండి. ఫాంటు లేదని మాత్రమే దాని అర్థం, అది ఎక్కించుకోవచ్చు.

చదివే ప్రోగ్రాము పనికిరాకపోయినా పాకెట్‌బుక్, కోబోలలో దారి మూసుకుపోదు. కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రామును కేబులుతోనే ఎక్కించుకోవచ్చు. అక్షరాల కూర్పుకు అది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతుంది. ఒత్తులు చక్కగా వస్తాయి. దానికీ ఖాతా లేదు. కిండిల్‌లో దీన్ని పెట్టాలంటే కంపెనీ వేసిన తాళం తీయాల్సి ఉంటుంది, అందుకే అక్కడ సలహా ఇవ్వను. కోరీడర్‌లో స్టార్‌డిక్ట్ రూపంలో ఉన్న నిఘంటువులు కూడా పెట్టుకోవచ్చు. మాట మీద వేలు ఆనిస్తే అర్థం వస్తుంది, ఇంటర్నెట్ లేకుండానే. తెలుగు మాస్టారికి ఇంతకన్నా ఇష్టమైన సదుపాయం ఉండదనుకుంటాను.

ఫాంటు విషయంలో నా అనుభవం ఇది: పెద్దవాళ్ల కళ్లకు సన్నని గీతల ఫాంట్లు వద్దు. నోటో సాన్స్ తెలుగు కాస్త మందంగా, పొల్లు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పాత అచ్చు పుస్తకాల గుండ్రదనం అలవాటైనవాళ్లు పోతన 2000 ఇష్టపడతారు. కోబోలో అయితే ఫాంట్స్ అనే ఫోల్డరు సృష్టించి అందులో వేయాలి, పాకెట్‌బుక్‌లో సిస్టమ్ ఫోల్డరు లోపల అదే పేరుతో ఉంటుంది. ఒకటి రెండు ఫాంట్లు చాలు, పది పెడితే ఎంచుకోవడమే ఒక పని అవుతుంది. వరుసల మధ్య ఖాళీ మామూలుకన్నా పెంచండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఒక్కోసారి పుస్తకం లోపల తెలుగు బాగానే ఉండి, పుస్తకాల జాబితాలో మాత్రం పేర్లు గళ్లుగా కనిపిస్తాయి. జాబితా చూపే తెరకు వేరే ఫాంటు ఉండడమే కారణం. అప్పుడు పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాలతో రాసి పెట్టండి, చిక్కు తీరుతుంది.

ఈ పనులన్నిటికీ మీ కంప్యూటర్‌లో క్యాలిబర్ ఉండాలి. కోవిద్ గోయల్ అనే భారతీయుడు 2006లో, సోనీ రీడర్‌ను లినక్స్‌తో వాడుకోవడానికి వీలుగా రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. ఇప్పుడు ఈ-పుస్తకాలు చదివే ప్రపంచమంతా దాని మీద ఆధారపడుతోంది. ఉచితం, దించుకున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు. వర్డ్ ఫైలును ఈపబ్‌గా మారుస్తుంది, పేరూ రచయితా సరిచేయనిస్తుంది, మార్చేటప్పుడు ఫాంటును పుస్తకంలోనే పొదగమంటే పొదుగుతుంది. ఒక్క హెచ్చరిక: అను ఫాంట్లలో టైపు చేసిన పాత డీటీపీ ఫైళ్లు నేరుగా మారిస్తే ఇంగ్లీషు గుర్తుల గందరగోళం వస్తుంది, ఎందుకంటే అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత ఒకసారి చదివి తప్పులు దిద్దుకోవాలి. రచయితలైన మిత్రులు తమ పుస్తకాల ఫైళ్లు ఇస్తామంటే ముందు ఈ ప్రశ్నే అడగండి.

పుస్తకాలు ఎక్కడివి? మన దేశంలో రచయిత జీవితకాలమే కాక మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఆ లెక్కన 1915లో కన్నుమూసిన గురజాడ, 1919లో కన్నుమూసిన కందుకూరి రచనలు ఏనాడో అందరివీ అయ్యాయి. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి 1 నుంచి ఆ వరుసలో చేరాయి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద సేవకులు అక్షరం అక్షరం సరిచూసి ఎక్కించిన పుస్తకాలున్నాయి. వాటిని ఈపబ్‌గా నేరుగా దించుకోవచ్చు, లాగిన్ అడగదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు అపారంగా ఉన్నాయి. కాపీరైటు ఉన్న కొత్త పుస్తకాలకు తాళం (ఫైలును వేరే పరికరంలో తెరవనివ్వని ఏర్పాటు) లేని ఫైలు అమ్మే ప్రచురణకర్తల దగ్గరే కొనండి. తాళం ఉన్నవి కొని విరగ్గొట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షను అలాంటి పనుల గురించే ఉంది. నేను ఆ దారి చెప్పను.

స్కాన్ల దగ్గర తెర సైజు ప్రశ్న వస్తుంది. ఈపబ్‌లో అక్షరాలు పెంచితే వరుసలు తిరిగి సర్దుకుంటాయి, 6 అంగుళాల తెర సరిపోతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ మాత్రం ఫొటో, సర్దుకోదు. మన నవలలు ఎక్కువగా అచ్చయ్యే డెమ్మీ 1/8 పేజీ సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 సెంటీమీటర్ల పొడవు. 6 అంగుళాల తెర వెడల్పు 9 సెంటీమీటర్లు, పొడవు 12. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే అక్షరం సగానికి కాస్త పైన మిగులుతుంది. శుక్లాలు తీయించుకున్న కంటికి అది శిక్షే. రెండు ఉపాయాలున్నాయి. మొదటిది అంచుల తెలుపును కత్తిరించి చూపమనడం, కోరీడర్ ఇది చేస్తుంది. రెండోది రీడర్‌ను అడ్డంగా తిప్పి పట్టుకోవడం. అప్పుడు వెడల్పు 12 సెంటీమీటర్లు అవుతుంది, అంచులు పోగా మిగిలిన అచ్చు అసలు సైజుకు తగ్గకుండా కనిపిస్తుంది. ఒక్కో పేజీని రెండు విడతలుగా చదవాలి, అంతే. స్కాన్లే ఎక్కువగా చదివేవాళ్లకు మాత్రం 7.8 అంగుళాల తెర కొనిపిస్తాను. దాని వెడల్పు దాదాపు 12, పొడవు 16 సెంటీమీటర్లు కాబట్టి అంచులు తీసిన పేజీ నిలువుగానే పడుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఇక్కడ పొదుపు చేస్తే యంత్రం బీరువాలోకి వెళ్తుంది.

ఇంటర్నెట్ కలపకపోవడం వల్ల బ్యాటరీకి కూడా మేలే. ఈ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు సన్నని గుళికల్లో ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు కదిలి, ఆ తర్వాత ఉన్నచోటే ఉండిపోతాయి. పేజీ తిప్పినప్పుడే తెరకు శక్తి కావాలి. వైఫై ఆపి, దీపం తక్కువగా పెట్టుకుంటే వారాల తరబడి చార్జింగు అడగదు. కరెంటు పోయే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కోసం కంగారు పడవద్దు. బాగా నడుస్తున్నదాన్ని కదిలించకపోవడమే నా పద్ధతి. అవసరమైతే కంపెనీ సైటు నుంచి ఫైలు దించుకొని కేబులుతోనే వేయవచ్చు.

కేబులు అన్నాను కాబట్టి ఒక మాట. కంప్యూటర్‌కు కలిపితే చార్జింగు అవుతూ డ్రైవు మాత్రం కనిపించకపోతే ముందు కేబులు మార్చి చూడండి. మార్కెట్లో దొరికే చవక కేబుళ్లలో కొన్నిటికి విద్యుత్తు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. పరికరం పాడైందని తెచ్చి ఇచ్చినవాటిలో చాలావాటికి నేను చేసిన మరమ్మతు కేబులు మార్చడమే. కాపీ అయ్యాక డ్రైవును భద్రంగా వేరుచేసి తీయండి, లాగేస్తే చివరి పుస్తకం సగమే ఎక్కుతుంది.

లోటు లేదని చెప్పను. ఫోనులో ఆపిన చోటు నుంచి రీడర్‌లో కొనసాగించడం కుదరదు. రీడర్ పోతే పుస్తకాలు మళ్లీ వాటంతట అవి రావు. అందుకని క్యాలిబర్ పుస్తకాలు దాచే ఫోల్డరును మీ దగ్గర ఒక హార్డ్ డిస్కులో, నాన్నగారి దగ్గర ఒక మెమరీ కార్డులో ఉంచండి. మీరు ఊరు వెళ్లినప్పుడల్లా ఓ ఇరవై పుస్తకాలు ఎక్కించి రండి. ఒకేసారి వెయ్యి వేస్తే జాబితాలో వెతకడంతోనే ఆయనకు విసుగొస్తుంది.

పాకెట్‌బుక్‌లో 6 అంగుళాలదా, 7.8 అంగుళాలదా అన్నదొక్కటే ఇంకా తేలాలి. మీ నాన్నగారు ముందుగా చదవాలనుకుంటున్న పుస్తకాల పేర్లు ఓ పది రాయండి. వాటిలో ఎన్ని వికీసోర్స్‌లో అక్షరాలుగా దొరుకుతాయో, ఎన్ని స్కాన్లుగానే ఉన్నాయో చూసి ఏ సైజు కొనాలో చెబుతాను.